పొత్తికడుపుకు కరెంటు పెట్టించుకున్నారా? ఇంట్లో గుర్తుంచుకోవాల్సిన 19 చిట్కాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు గర్భసంచి ముఖద్వారానికో, పెద్దపేగు చివరికో, మూత్రసంచికో, ప్రోస్టేటుకో క్యాన్సర్ వస్తే రేడియేషన్ కోసం ఊరు దాటక తప్పదు. కొందరు తిరుపతి స్విమ్స్‌కు, లేదంటే టాటా ట్రస్టుల ఆధ్వర్యంలో 2022లో అక్కడే తెరుచుకున్న క్యాన్సర్ ఆసుపత్రికి పోతారు. కొందరు వేలూరు సీఎంసీకి, ఇంకొందరు బెంగళూరు కిద్వాయికి. మన ఊళ్లలో దీన్ని ‘కరెంటు పెట్టడం’ అంటారు. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కైతే మామూలుగా వారానికి 5 రోజుల చొప్పున 5 వారాలు, అంటే 25 సార్లు బయటి నుంచి పెడతారు. ఆ తర్వాత యోని లోపల గొట్టాలు అమర్చి ‘లోపలి కరెంటు’ కొన్ని విడతలు ఇస్తారు.

క్యాన్సర్ గడ్డ చుట్టూ మూత్రసంచి, మలాశయం, చిన్నపేగు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి. ఎంత జాగ్రత్తపడ్డా వాటికీ కొంత కిరణం తగులుతుంది. పేగు లోపొర కొద్ది రోజులకోసారి కొత్తగా పుట్టేది కాబట్టి దానికి దెబ్బ వెంటనే తెలుస్తుంది. బేదులు, మంట చికిత్స నడుస్తుండగానే మొదలై, అది ముగిశాక కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. సన్నని రక్తనాళాలకు తగిలిన దెబ్బ అలా కాదు. అవి మెల్లగా పూడుకుపోతాయి, కండ గట్టిపడుతుంది. అందుకే కొందరికి ఆరు నెలలకో, ఐదేళ్లకో, ఇంకా ఆలస్యంగానో ఇబ్బంది బయటపడుతుంది. తీవ్రంగా వచ్చేది కొద్దిమందికే. వచ్చినవాళ్లలో చాలామంది ‘ప్రాణం దక్కింది, అంతే చాలు’ అనుకుని, సిగ్గుపడి, ఎవరికీ చెప్పరు. వీటిలో చాలావాటికి వైద్యం ఉంది. చెబితేనే అందుతుంది.

చికిత్స నడిచే వారాల్లో

1. ఒక్క రోజు కూడా ఎగ్గొట్టకండి. లోపలి కరెంటుతో సహా మొత్తం 8 వారాల్లోపు ముగిస్తేనే చికిత్సకు పూర్తి బలం. మధ్యలో రోజులు పోతే క్యాన్సర్ కణాలు పుంజుకుంటాయి. కుప్పం నుంచి బెంగళూరుకూ, వేలూరు పక్కనున్న కాట్పాడికీ రైలుంది. పుంగనూరుకు రైలే లేదు, బస్సే దిక్కు. ఎటు పోయినా రానూపోనూ 200 కిలోమీటర్ల మాట. 5 వారాలు రోజూ తిరిగితే మనిషి కుదేలైపోతుంది. ఆసుపత్రి దగ్గర సత్రమో, చిన్న గదో చూసుకోండి. గంగమ్మ జాతర, దగ్గరివాళ్ల పెళ్లి వంటివి ముందే డాక్టర్ చెవిన వేయండి. మీ అంతట మీరు ఆగిపోవద్దు. ఎన్టీఆర్ వైద్య సేవ పథకంలో రేడియేషన్ చికిత్స ఉంది. పక్క రాష్ట్రానికి పోయేముందు మాత్రం ఆ ఆసుపత్రిలో మన కార్డు చెల్లుతుందో లేదో ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి.

2. నీళ్లు తాగి మూత్రసంచి నింపుకోమంటే నింపుకోండి. నిండిన మూత్రసంచి చిన్నపేగును పైకి నెట్టి కిరణాల దారిలోంచి తప్పిస్తుంది. మన ఆడవాళ్లకు బస్సెక్కితే నీళ్లు మానేసే అలవాటు. ఈ 5 వారాలు ఆ అలవాటు పనికిరాదు. ఎన్ని గ్లాసులు, ఎంత ముందు అన్నది టెక్నీషియన్ చెప్పినట్టే రోజూ ఒకే తీరుగా పాటించండి. పొద్దున్నే దొడ్డికి పోయి కడుపు ఖాళీ చేసుకోవడం కూడా అందులో భాగమే.

3. ఒంటి మీద గీసిన గుర్తులు చెరపొద్దు, ఆ చోట ఏమీ పూయొద్దు. పసుపు, కొబ్బరినూనె, గంధం, ఆకు పసరు ఏదీ వద్దు. కాపడం పెట్టొద్దు, ఐసు పెట్టొద్దు. గోరువెచ్చని నీళ్లు పోసుకుని, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్దుకోండి. లంగా బొందు బిగించి కట్టకుండా వదులు నూలు నైటీ వేసుకోండి. గజ్జల్లో, పిర్రల మధ్య చర్మం నల్లబడడం, ఊడడం మామూలే. చీము పట్టినా, నీరు కారినా అదే రోజు చూపించాలి.

4. బేదులు మొదలైతే ఓఆర్‌ఎస్ చేతికి తీసుకోండి. ఇవి సాధారణంగా రెండో వారం దాటాక పట్టుకుంటాయి. పెద్ద పొట్లమైతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో మొత్తం కలపాలి. సగం పొట్లం, గ్లాసుడు నీళ్లు అని అందాజుగా కలపొద్దు. కలిపింది 24 గంటల తర్వాత పారబోయాలి. ఉప్పేసిన అన్నం గంజి, పలుచని మజ్జిగ కూడా మంచివే. బేదులు ఆగే మాత్ర డాక్టర్ రాసిందే వాడండి. వారానికోసారి సిస్ప్లాటిన్ మందు ఎక్కించుకునేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. ఒంట్లో నీరు తగ్గిన వేళ ఆ మందు మూత్రపిండాలను దెబ్బతీస్తుంది.

5. తిండి మానొద్దు, మార్చుకోండి. ఎర్రకారం, ఊరిబిండి, నూనెలో వేయించినవి కొన్నాళ్లు పక్కన పెట్టండి. పాలు పడకపోతే పెరుగుకో మజ్జిగకో మారండి. పుంగనూరు ఆవుపాలకు వెన్నశాతం ఎక్కువని పేరు, ఆ కొవ్వే దెబ్బతిన్న పేగుకు అరగడం కష్టం. సంగటి ముద్ద కడుపుబ్బరం చేస్తే మానేయకుండా జల్లించిన పిండితో పలుచని జావ కాచుకోండి. పెసరకట్టు, ఉడికించిన గుడ్డు, పులుసు లేకుండా మెత్తని కోడికూర ముక్కలు రోజూ ఉండాలి. ఒళ్లు తగ్గిపోతుంటే కోలుకోవడం కష్టం. మదనపల్లె టమాటా లేకుండా ముద్ద దిగదనేవాళ్లు తొక్క, గింజలు తీసేసి చారులో కొద్దిగా వాడుకుని చూడండి. పడితే సరే. పీచు పదార్థాలన్నీ పూర్తిగా ఆపేయాలన్నది పాత మాట. ఏది పడుతుందో ఒక్కొక్కటిగా చూసుకోండి.

6. ఒంటికి పోయేటప్పుడు మంట ఉంటే నీళ్లు పెంచండి, తగ్గించకండి. మంటకు భయపడి నీళ్లు తగ్గిస్తే మూత్రం చిక్కబడి మంట ఇంకా పెరుగుతుంది. రోజుకు 2 లీటర్లకు తగ్గకుండా తాగండి, గుండె, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌నడిగి తాగాలి. కాఫీ, టీ తగ్గించండి. ‘కరెంటు వేడి’ అని కొట్టిపారేయకుండా మూత్రపరీక్ష చేయించండి. అది చీము ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కాకపోవచ్చు. పరీక్షే చెప్పాలి.

7. మనవడిని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. బయటి నుంచి పెట్టే కరెంటు మిషన్ ఆగగానే ఆగిపోతుంది, ఒంట్లో ఏమీ మిగలదు. లోపల అమర్చే గొట్టాల చికిత్సలోనూ విడత అయిపోగానే కిరణాలు వెదజల్లే మూలకం మిషన్‌లోకి వెళ్లిపోతుంది. పళ్లెం, గ్లాసు, పడక వేరు చేయాల్సిన పనిలేదు. క్యాన్సర్ అంటుకునేదీ కాదు. చికిత్స చేయించుకున్న ఆమెను వంటింటి బయట కూర్చోబెట్టే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఆ పని అసలే వద్దు.

8. నీరసానికి మంచం పట్టొద్దు. పొద్దున, సాయంత్రం ఇంటి చుట్టూ పది నిమిషాల నడక నీరసాన్ని తగ్గిస్తుంది. పగలు అరగంట కునుకు చాలు. రక్తం తగ్గిందేమో పరీక్ష చేయించండి. బట్టలు ఉతకడం, నీళ్లు మోయడం మాత్రం ఇంట్లో మిగతావాళ్లు చూసుకోవాలి.

ఇంటికొచ్చిన మొదటి రెండేళ్లు

9. డిశ్చార్జి కాగితం దాచిపెట్టండి, ఫోన్లోనూ ఫోటో తీసి పెట్టుకోండి. ఏ భాగానికి పెట్టారు, ఎంత మోతాదు (గ్రేలలో), ఎన్నిసార్లు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ మందు ఎక్కించారు అన్నవి అందులో ఉంటాయి. పదేళ్ల తర్వాత కుప్పం పీఈఎస్ ఆసుపత్రికో, మదనపల్లె ప్రభుత్వాసుపత్రికో కడుపునొప్పితో పోయినా అక్కడి డాక్టర్‌కు ముందు ఇదే చూపించాలి. చాలామంది ‘అది ఎప్పుడో అయిపోయిందిలే’ అని చెప్పకుండా ఊరుకుంటారు. అక్కడే వైద్యం దారి తప్పుతుంది.

10. చెకప్‌కు పోయే ముందు రాత్రి 4 ప్రశ్నలకు జవాబులు రాసుకోండి. రాత్రి నిద్రలో దొడ్డికి లేవాల్సి వస్తోందా? ఆపుకోలేక పరుగెత్తాల్సి వస్తోందా, బట్టల్లో పోతోందా? రక్తం పడుతోందా? వీటివల్ల పనికో పెళ్లికో పోవడం మానేశారా? ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టర్‌తో మాట్లాడాలి. పక్కన కొడుకు, అల్లుడు నిలబడి ఉంటే ఏ అమ్మా ఇవి నోరు తెరిచి చెప్పదు. కూతురో కోడలో ముందే అడిగి రాసి, ఆ చీటీ నర్సు చేతిలో పెడితే సరిపోతుంది. మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఐదేళ్ల వరకు 6 నెలలకో ఏడాదికో చెకప్ ఉంటుంది. ఒంట్లో బాగున్నా పోవాలి.

11. డైలేటర్ గురించి అడగండి. లోపలి కరెంటు పెట్టాక యోని గోడలు ఎండిపోయి, ఒకదానికొకటి అతుక్కుని, దారి ఇరుకవుతుంది. దాన్ని ఆపేందుకు డైలేటర్ అనే నున్నని గొట్టం ఇస్తారు. పుండు మానాక, డాక్టర్ చెప్పిన రోజు నుంచి, వారానికి 2, 3 సార్లు, కొద్ది నిమిషాల పాటు నీటిజెల్ రాసి వాడాలి. ఇది కాపురానికి మాత్రమే కాదు. దారి మూసుకుపోతే క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడడానికి డాక్టర్‌కు కూడా వీలుండదు. అందుకే భర్త లేని ఆమెకూ ఇది అవసరమే. మొదట్లో ఒకటి రెండు చుక్కల రక్తం కనబడవచ్చు, ఎక్కువైతే ఆపి చూపించండి. ఇంట్లో దొరికే వస్తువులేవీ దానికి బదులు వాడొద్దు. మళ్లీ ఎప్పుడు కలవవచ్చో భార్యాభర్తలిద్దరూ కలిసి డాక్టర్‌నడగండి. కలయికవల్ల భర్తకు క్యాన్సర్ రాదు, కరెంటూ తగలదు.

12. నెలసరి ఆగిపోవడాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. కరెంటు అండాశయాలకు తగిలితే చిన్న వయసులోనే ముట్లుడిగిపోతాయి. ఒళ్లంతా వేడి ఆవిర్లు, చెమట, నిద్రపట్టకపోవడం, చిరాకు మొదలవుతాయి. 35 ఏళ్ల ఆమెకు ఇలా అయితే ఎముకలకు, గుండెకు కూడా నష్టమే. గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ వచ్చినవాళ్లలో చాలామంది హార్మోన్ మాత్రలు వాడవచ్చు. మీకు పనికొస్తాయో లేదో డాక్టర్ చెబుతారు. పిల్లలు కావాలనుకునేవాళ్లు చికిత్స మొదలుకాక ముందే ఆ మాట అడగాలి.

13. తుంటి, గజ్జ, నడుము కింద నొప్పి వస్తే పుత్తూరు కట్టుకు బయల్దేరే ముందు స్కాన్ తీయించండి. కరెంటు తగిలిన కటి ఎముకలు బలహీనపడి, పడకపోయినా, దెబ్బ తగలకపోయినా సన్నగా చిట్లుతాయి. ఇది కట్టుతో అతికేది కాదు. మర్దన చేయిస్తే ఇంకా చెడుతుంది. చాలాసార్లు ఎక్స్‌రేలో కనబడదు, ఎంఆర్‌ఐలో తేలుతుంది. క్యాన్సర్ ఎముకకు పాకిందేమోనని హడలిపోయినవాళ్లకు అది చిట్లు మాత్రమేనని తెలిసి ఊరట కలగడమూ ఉంది. రాగుల్లో 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది. సంగటి మళ్లీ పడడం మొదలయ్యాక రోజూ తినండి. పొద్దుటెండలో కాసేపు నడవండి, విటమిన్ డి పరీక్ష చేయించండి.

14. కాలు వాస్తే చెప్పులు విప్పొద్దు. గజ్జల్లో గ్రంథులు తీసేసినా, కరెంటు పెట్టినా ఊటనీరు పైకి పోలేక కాల్లోనే నిలిచి కాలు బరువెక్కవచ్చు. టమాటా తోటలో, చెనిక్కాయ చేలో ఉత్త కాళ్లతో తిరిగితే చిన్న ముల్లు గుచ్చుకున్నా పుండై జ్వరం తగులుకుంటుంది. రాత్రి పడుకునేటప్పుడు కాలు కింద దిండు పెట్టుకోండి, వేళ్ల సందులు కడిగి తుడుచుకోండి, పగుళ్లకు వ్యాసలీన్ రాయండి. ఫిజియోథెరపీ చేసేవాళ్లు బిగుతు మేజోళ్లు ఎలా వేసుకోవాలో నేర్పుతారు. ఒక కాలే ఉన్నట్టుండి వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

ఏళ్లు గడిచాక

15. దొడ్డికి పోయినప్పుడు రక్తం పడితే మొలలని తేల్చేసుకోవద్దు. కరెంటు తగిలిన మలాశయం గోడ మీద పలచటి రక్తనాళాలు కొత్తగా మొలిచి కారుతుంటాయి. మొలల వైద్యమని ఇంజెక్షన్, కాల్చడం, దారం కట్టడం చేయిస్తే మానని పుండు పడుతుంది. గొట్టం వేసి చూసే డాక్టర్‌కు ‘నాకు కరెంటు పెట్టారు’ అని పరీక్షకు ముందే చెప్పండి. మలాశయం ముందు గోడ నుంచి అవసరం లేకుండా ముక్క తీస్తే అది యోనిలోకి రంధ్రంగా మారే ప్రమాదముంది. అలాగని పరీక్షే మానేయకూడదు. కొత్తగా మరో క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి కదా. రక్తం కొద్దిగానే పడుతుంటే ఇనుము మాత్రలు, మలబద్ధకం లేకుండా చూసుకోవడం సరిపోతుంది. ఎక్కువైతే సుక్రాల్ఫేట్ ఎనిమా, ఆర్గాన్ వాయువుతో నాళాలు మాడ్చడం, కొన్నిచోట్ల అధిక పీడన ఆక్సిజన్ గది వంటి చికిత్సలున్నాయి.

16. ఏళ్ల తరబడి సాగే బేదులకు కారణం వెతికించండి. చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే పిత్తరసం తిరిగి ఇంకక పెద్దపేగులోకి జారి నీళ్ల బేదులు చేస్తుంది. పేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరిగితే ఉబ్బరం, కంపు గాలి. పాలలోని చక్కెర అరగకపోవడం ఇంకొకటి. బి12 తగ్గితే అరికాళ్ల తిమ్మిరి, నీరసం. ఒక్కోదానికి ఒక్కో మందు. బ్రిటన్‌లో ఇలాంటి 218 మందిని ఒక క్రమం ప్రకారం పరీక్షిస్తూ పోతే ఇబ్బంది బాగా తగ్గిందనీ, శిక్షణ పొందిన నర్సు కూడా ఆ పని చేయగలదనీ 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కాబట్టి ‘కరెంటు పెట్టినవాళ్లకు ఇంతే’ అని ఎవరన్నా అక్కడితో ఆగిపోవద్దు, పేగుల డాక్టర్‌ను కలవండి.

17. ఒంటికి ఆపుకోలేకపోతే కటి కండరాలకు పని చెప్పండి. గాలి బయటికి పోకుండా బిగపట్టినట్టు లోపలి కండరాలను బిగించి, పది అంకెలు లెక్కపెట్టి వదలండి. పది సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగపట్టకూడదు, పొట్ట బిగించకూడదు. మూడు నెలలు ఓపిక పడితే ఫలితం తెలుస్తుంది. ప్రయాణానికి ఒక సంచిలో ప్యాడ్లు, మార్చుకునే లంగా, ప్లాస్టిక్ కవర్లు, నీళ్ల సీసా సర్దిపెట్టుకుంటే బస్సెక్కడానికి బెదురుండదు.

18. మగవాళ్లూ నోరు విప్పాలి. ప్రోస్టేటుకో, మలాశయానికో కరెంటు పెట్టాక అంగస్తంభన తగ్గడం వెంటనే కాక, ఏడాది రెండేళ్లలో మెల్లగా తెలుస్తుంది. దానికి మాత్రలున్నాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్ర వాడేవాళ్లు వాటిని ముట్టకూడదు, కాబట్టి మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దు. ఇంకో మాట: బీడీ, సిగరెట్ రక్తనాళాలను మరింత పూడ్చి ఈ ఇబ్బందులన్నిటినీ పెంచుతాయి. వక్కాకులో పొగాకు వేసుకునే ఆడవాళ్లూ అది మానేయడం మంచిది.

19. కొన్నిటికి తెల్లారేదాకా ఆగొద్దు. మూత్రంలో రక్తపు గడ్డలు పడి ఒంటికి రావడం ఆగిపోతే, వాంతులతో కడుపు ఉబ్బి గాలి కూడా పోకుండా బిగుసుకుంటే, యోనిలోంచి మూత్రమో మలమో కారుతుంటే, రక్తం ధారగా పోయి కళ్లు తిరిగితే 108కి ఫోన్ చేయండి. మందు ఎక్కించుకుంటున్న వారాల్లో చలిజ్వరం వచ్చినా అంతే. మూత్రనాళం ఇరుకైతే మూత్రపిండం నొప్పి లేకుండానే చెడిపోతుంది. అందుకని చెకప్‌కు పోయినప్పుడు క్రియాటినిన్ రక్తపరీక్ష, కడుపు స్కాన్ అవసరమా అని మీరే గుర్తుచేసి అడగండి. ఫోన్లో చికిత్స చేసిన ఆసుపత్రి వార్డు నంబరు, డిశ్చార్జి కాగితం ఫోటో, రక్తం గ్రూపు ఒకే చోట ఉండాలి. అది మీ ఫోన్లోనే కాక ఇంట్లో ఇంకొకరి ఫోన్లోనూ ఉండేలా ఈ రోజే చూసుకోండి.